దింపు

నా లాగ్ పట్టిక అట్ట మీద
కొబ్బరినూనె మరకొకటి ఉంది. నాన్న బొటనవేలు.
కొన్న రోజు పేజీలు తిప్పి చూసి
"అన్నీ అంకెలేనా, కథేమీ లేదా?" అన్నాడు.

ఉంది నాన్నా. ఈ మాఘంలో దొరికింది.

లస్కరు నేలపూడి సత్యానందం
కాలేజీ గేటు లోపలికే సైకిలు నడిపించుకొచ్చి
"లెక్కల మేడమ్ మీరేనా?" అన్నాడు.
"కాలవలో గుర్రపుడెక్క. తాడేసి కొలిచాను, అయిదు సెంట్లుంది.
పది రోజులకోసారి రెట్టింపవుతోంది, మూడుసార్లు చూశాను.
లాకుల నుంచి రేవు దాకా రెండొందల యాభై సెంట్ల నీళ్లు.
ఎన్నాళ్లకి మొత్తం మూసేస్తుంది?
ఆఫీసుకి రాయాలి. 'త్వరలో' అంటే వాళ్లు చదవరు,
అంకె వేస్తే చదువుతారు."

బోర్డు మీద అయిదు వేశాను, పక్కన రెండు,
రెండు నెత్తిన x.
అయిదుని అవతలికి పంపితే యాభై మిగిలింది.
ఇక్కడే పిల్లలు ఆగిపోతారు ఏటా.
కింద నిలబడ్డ x అయితే సులువు,
కలిపినదాన్ని తీసేస్తాం, హెచ్చించినదాన్ని భాగిస్తాం.
ఇది పైకెక్కి కూర్చుంది.
మా తెలుగు మీడియంలో దాన్ని ఘాతం అనేవాళ్లు.
దెబ్బకీ అదే మాటని చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని.
కనపడీ కనపడనంత చిన్నగా రాస్తాం దాన్ని.
కొట్టేది మాత్రం అదే.

నాన్న చెట్టు కింద నిలబడి
ముందు గెలలు చూసేవాడు కాదు, మాను చూసేవాడు.
కాళ్లకి బందం, నడుముకి మోకు.
పైనున్న కాయ కావాలని ఎవడూ చెట్టు నరకడు,
దింపు తీయిస్తాడు.

రెండు వైపులా లాగ్ తీశాను.
(ఒక వైపే తీస్తే తక్కెడ ఒరుగుతుంది, అది వేరే పాఠం.)
x జారి వచ్చి
లాగ్ రెండు పక్కన మామూలు మనిషిలా నిలబడింది.
యాభైకి పట్టికలో 1.6990. రెండుకి 0.3010.
భాగిస్తే 5.64. ఒక్కో రెట్టింపుకి పది రోజులు గనక
యాభై ఆరు రోజులు.
అంటే కాలవలు కట్టేసే వారం.

సత్యానందం సంతోషించలేదు.
"మొత్తం మూసే దాకా ఎవడాగుతాడు మేడమ్?
పావు వంతు మూస్తే చాలు, శివారు చేలకి నీరెక్కదు.
అప్పటికి దాళ్వా పాలు పోసుకుంటూ ఉంటుంది."
నేను మళ్లీ సుద్దముక్క అందుకునేలోపు
రెండు వేళ్లు ముడిచాడు.
"పావంటే సగంలో సగం. రెండు రెట్టింపులు వెనక్కి.
ఇరవై తీసేయండి. ముప్పై ఆరు."

నాలుగుతో భాగించాల్సిన చోట
ఈయన రెండు పదులు తీసేశాడు.
భాగహారం తీసివేతగా మారుతుందని
పదహారేళ్లుగా చెబుతున్నాను,
బట్టీ పట్టించాను, మార్కులు కోశాను.
వేళ్లు ముడిచి చూపించింది లేదు ఏనాడూ.

ఆదివారం రెండు దోనెలు, తొమ్మిది మంది పిల్లలు,
మోకాళ్ల దాకా నేను.
లాగితే తెగదు డెక్క, తోబుట్టువుల్లా
ఒకదాన్నొకటి పట్టుకుని వస్తుంది.
నల్లటి వేళ్ల నిండా నత్తలు, కుళ్లిన నీటి వాసన,
పైన మాత్రం ఏమీ ఎరగనట్టు ఊదారంగు పూలు.
పొద్దు వాలేసరికి సగం గట్టెక్కించాం.
మట్టపర్తి లిఖిత దురద చేతులు గోక్కుంటూ అడిగింది:
"సగం తీసేశాం కదా మేడమ్,
ఇక రోజులు రెట్టింపవుతాయా?"

అబద్ధం చెప్పాలనిపించింది.
"పది" అన్నాను. "పదే పెరుగుతాయి."
దోనెలో ఎవరూ మాట్లాడలేదు.
తెడ్డు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు.

సత్యానందమే తాడు కట్టేస్తూ అన్నాడు:
"పదంటే తక్కువా ఏంటి.
పది రోజుల్లో పాలు గింజవుతాయి."

ఆఫీసు కాగితంలో మాత్రం
ముప్పై ఆరే ఉంచాడు.